గ్వెన్ దొరసాని పొదుపు శాసనాలు

మెసయీద్, ఖతార్
15-1-1995

ప్రియమైన గౌరవ్వకు,

యావన్మంది ప్రజలకు తెలియజేయడమేమనగా: ఈ రోజు మొదలుకొని పేస్టు గొట్టం అయిపోయిందని ఎవరైనా నోటితో అన్నచో ఆ మాట చెల్లదు. గొట్టాన్ని కత్తెరతో నడుమకు కోసి, లోపలి గోడలను బ్రష్షుతో గీకి, మరి నాలుగు రోజులు పళ్లు తోముకొనిన పిదప మాత్రమే అది అయిపోయినట్టు. ఒక్క టీ సంచిని మూడుసార్లకు తక్కువ ముంచినవారు శిక్షకు అర్హులు. ఇది గ్వెన్ దొరసాని శాసనం. డప్పు కొట్టే మనిషి దొరకలేదు కనుక చాటింపు నేనే వేస్తున్నాను.

నవ్వడం ఆపి విను. కొత్త పని ఎట్లా ఉందో వివరంగా రాయమన్నావు కదా. ఇక్కడ కంపెనీ ఇళ్ల వరుసలో ఒక ఇంజనీరు దొర ఇంట్లో పనికి కుదిరాను. ఊడవడం, తుడవడం, గిన్నెలు, మొక్కలకు నీళ్లు. అంతా నీడ పట్టున, ఏసీ కింద. వాళ్లది వేల్స్ అనే దేశం. ఇంగ్లండును ఆనుకొని ఉంటుందట. అక్కడ మనుషుల కంటే గొర్రెలు ఎక్కువట, వాన ఎప్పుడు ఆగుతుందో గొర్రెలకు కూడా తెలియదట. దొర తన టోపీ మీద రెక్కలున్న ఎర్రటి జంతువు బొమ్మ అంటించుకున్నాడు. వాళ్ల జెండా మీద ఉండేది అదేనట.

దొర మాట్లాడడు. మాట్లాడే పనంతా దొరసానిది. అంత జీతం తెచ్చే మొగుడు ఉండి కూడా ఆ తల్లి పొదుపు చూస్తే మా అమ్మ దండం పెడుతుంది. అరిగిన సబ్బు ముక్కలన్నీ పాత మేజోడులో వేసి మూతి కట్టి, ఇంటిల్లిపాదీ దానితోనే రుద్దుకోవాలి. ఏసీ నుంచి కారే చుక్కల కింద బకెట్ పెట్టి, ఆ నీళ్లతో నూనె డబ్బాలో ఆకుకూర పెంచుతుంది. టీ కేతిలీ చల్లారకుండా దానికి ఊలు టోపీ తొడుగుతుంది. మొన్న ఎండిపోయిన రొట్టెలు పారేయబోతే నా చెయ్యి పట్టుకుంది. “యాడ పారేస్తావప్పా, ఉప్మా జేసుకుంటే గొంతు దిగదా?” అంది. అంటే వాళ్ల మాటలో అంది, భావం చూసి నేను తెలుగు చేశాను.

ఎత్తు మీద పని చేయనని నీ తల మీద చెయ్యి పెట్టి చేసిన ఒట్టు మరిచిపోలేదు. మస్కట్‌లో మీ అన్న రాజనర్సు పైపుల మంచె మీది నుంచి పడి చనిపోయిన తర్వాత నువ్వు నిచ్చెన చూసినా మొహం తిప్పుకుంటావు, నాకు తెలుసు. ఇక్కడ నేను ఎక్కే ఎత్తల్లా దొరసాని వంటింటి స్టూలే.

ఒక్కటే తిప్పలు, కాలు ఒక చోట నిలవడం లేదు. శుక్రవారం సెలవైతే పక్కింటి డ్రైవరు రామాంజులుతో కలిసి బస్సెక్కి దోహాలో నజ్మా అనే పేటకు పోతాను. ఆయనది రాయచోటి. అక్కడ ఈ వీధి చివరి నుంచి ఆ వీధి చివరికి తిరుగుతాం, కొనేదేమీ ఉండదు. బిడ్డ మాలతిని బాగా చదువుకోమను.

ఇట్లు,
స్టూలు ఎక్కి దిగే నీ
పోశన్న

*

కోనాపురం, నిజామాబాద్ జిల్లా
10-2-1995

ప్రియమైన మా ఇంటి పెద్దమనిషికి,

గౌరవ్వ నమస్కరించి రాయునది. మీ చాటింపు అందింది. బీడీలు చుట్టే కాడ ఆడవాళ్లందరి ముందు చదివాను. అందరూ నవ్వారు, అత్త తప్ప. “గా దొరసానికేం పుట్టింది? మొగడు ఇంజనీరయ్యి గొట్టం నాకుడేంది?” అన్నది. అని, తెల్లారి చూస్తే మన పేస్టు గొట్టాన్ని కొడవలితో నిలువునా చీరి కూర్చున్నది. పళ్లు లేని మనిషికి పేస్టు ఎందుకని అడిగితే, “నేను తోముకుంటనా, చూస్తున్న. ఎంత మిగిలిందో ఎర్కైతది గదా” అన్నది.

సబ్బు సంగతి కూడా చేశాను. మన ఇంట్లో మేజోళ్లు మాలతివే. ఒకటి తీసి సబ్బు ముక్కలకు కట్టాను. పిల్ల ఒక్క కాలికే తొడుక్కొని బడికి పోయింది. వేణుగోపాలరావు సారు నిలబెట్టి, రెండోది ఏదమ్మా అంటే, “దొరసాని తీసుకుంది సార్” అన్నదట. ఇప్పుడు మన ఇంటికి దొరసాని ఇల్లని పేరు పడ్డది.

అంతా ముచ్చటగానే రాశారు. ఆమె వయసు ఎంతో మాత్రం రాయలేదు. తెల్లోళ్లు ఉప్మా తింటారని కూడా నేను ఎక్కడా వినలేదు.

పోయేటప్పుడు ఏమన్నారో యాదికి చేస్తున్నాను. రెండేళ్లు అన్నారు. రేకులు తీసి స్లాబు పోసే నాడు కళ్ల ముందర ఉంటానన్నారు. ఉగాదికి రెండేళ్లు నిండుతాయి. మూల మీద బస్సు ఆగిన చప్పుడు వింటే చాలు, నా చేతిలో బీడీ ఆకు వంకరగా తెగుతున్నది. రోజుకు ఎన్ని ఆకులు పాడవుతున్నాయో చెబితే మీ దొరసాని నన్ను శిక్షిస్తుంది.

ఇట్లు,
మీ రాక కొరకు చూసే
గౌరవ్వ

*

మెసయీద్
20-3-1995

ప్రియమైన గౌరవ్వకు,

ముందు నీ కడుపు చల్లబడే మాట చెబుతాను. దొరసానికి యాభై ఎనిమిదేళ్లు. మోకాళ్ల నొప్పులు. పై పెదవి మీద మీసం కూడా ఉంది, దగ్గరగా పోకున్నా కనబడుతుంది. ఇక నిమ్మళంగా ఆకులు కత్తిరించుకో. ఉప్మా నేనే నేర్పించాను.

ఈ కవరు ఎక్కడో చూసినట్టు ఉందా? నువ్వు పంపిన కవరే. అంచులు విప్పి, లోపలి వైపు బయటకు మడిచి, మళ్లీ అంటించాను. ఇది కొత్త శాసనం. అగ్గిపుల్లలది ఇంకొకటి ఉంది. ఒక పొయ్యి మండుతుంటే రెండో పొయ్యికి కొత్త పుల్ల గీయరాదు, కాలిన పుల్లతోనే మంట మోయాలి. ఆ పుల్ల పట్టుకొని వంటింట్లో పరుగెత్తే దొరసానిని చూస్తే నీకు పొట్ట చెక్కలవుతుంది.

ఇక అసలు సంగతి. లీవు అడిగాను. ఒకసారి కాదు, మూడుసార్లు. చేతిలో గిన్నె కింద పెట్టి నా వంక చూసింది. “నువ్వు పోతే ఈ ఇల్లు ఎట్ల నడుస్తాదప్పా? ఇంకో తొమ్మిది నెలలు ఓపిక పట్టు” అంది. ఏం చేసేది? జీతం కూడా కొంచెం పెంచుతానంది. స్లాబుకు ఇనుము నాణ్యమైనది వేయించొచ్చు. పోనీ అనుకున్నాను.

నీ కోపం ఇక్కడికి కనబడుతున్నది. ఇక్కడ నాకు మాత్రం ఏం సుఖం? డ్యూటీ అయినంక కూర్చోబుద్ధి కాదు, పడుకోబుద్ధి కాదు. సముద్రం దాకా నడుస్తాను. ఓడలు వచ్చేవి వస్తాయి, పోయేవి పోతాయి. మళ్లీ నడిచి వస్తాను. “చెప్పులరుగుతాయి, ఊరకుండు” అని రామాంజులు తిడతాడు.

ఇట్లు,
చెప్పులు అరగదీసుకుంటున్న
పోశన్న

*

కోనాపురం
18-4-1995

ప్రియమైన మీకు,

తొమ్మిది నెలలట! మీరు రాసింది అత్తకు చదివి వినిపిస్తే, “బిడ్డను కంటదా ఏంది గామె?” అన్నది. నాకు నవ్వు రాలేదు.

మీతో వాదించి లాభం లేదు. నేను దొరసానితోనే మాట్లాడుకుంటాను. లీవు అయిపోయి మన ఊరి లింబాద్రి దోహాకు వస్తున్నాడు. అతని చేత ఒక మూట పంపిస్తున్నాను. శుక్రవారం నజ్మాలో మీకు అప్పజెబుతానన్నాడు. అందులో సకినాలున్నాయి. దొరసానికి పోచంపల్లి చీర ఉంది, పోయిన దసరాకు నేను కొనుక్కొని కట్టకుండా పెట్టినది. ఆమె అది కట్టుకున్న ఫోటో ఒకటి నాకు పంపాలి. కింద ఆమెకు రాసిన ముక్కలు ఉన్నాయి. మీరే చదివి ఆమె భాషలో చెప్పండి. ఒక్క మాట మింగొద్దు.

“గ్వెన్ దొరసాని అక్కకు కోనాపురం గౌరవ్వ రాయునది. నువ్వు కోసినట్టే నేనూ గొట్టం కోస్తున్నాను. నీ మేజోడు సబ్బుతో మా ఇల్లు రెండు నెలలుగా గడుస్తున్నది. మా అన్న పరదేశం పోయి ప్రాణంతో రాలేదు. బట్టల పెట్టె వచ్చింది, అతను మన్నయి వచ్చాడు. అందుకే నాకు ఈయన నీ నీడలో ఉన్నాడంటే ధైర్యం. కానీ అక్కా, నువ్వు అన్నీ మిగిలించే మనిషివట. నా మొగుణ్ణి కూడా నాకు కొంచెం మిగిలించు.”

అంతే. జవాబు ఆమెనే రాయమనండి.

ఇట్లు,
గౌరవ్వ

*

మెసయీద్
25-6-1995

ప్రియమైన గౌరవ్వకు,

అక్షరాలు కోడి గీకినట్టు ఉన్నాయని భయపడకు. కేతిలీ మూత జారి కుడి మణికట్టు మీద వేడి నీళ్లు పడ్డాయి. ఎడమ చేత్తో రాస్తున్నాను. రెండు వారాలు ఊరికే కూర్చోబెట్టారు. ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో ఇప్పుడు తెలిసింది.

మూట ముట్టింది. నీ ఉత్తరం చదివి చెప్పాను. ఒక్క మాట మింగలేదు. దొరసాని సకినాలు రోజుకు ఒక్కటి చొప్పున తింటున్నది, తొందరగా అయిపోతాయని. చీర తలుపుకు పరదాగా కట్టుకుంది. ఫోటో దండగ ఖర్చు అంది.

మన ఊరి తిరుమల్ లీవు మీద వస్తున్నాడు. అతని చేత పాత తోలు చేతొడుగులు పంపిస్తున్నాను. దొరసాని తోటపనికి వాడుకొని పక్కన పడేసింది. ముళ్లకంప నరికేటప్పుడు తొడుక్కో. పారేయడానికి నాకు చెయ్యి రాలేదు.

ఇక్కడ ఎండ గురించి రాయను. చెయ్యి నొస్తున్నది.

ఇట్లు,
పోశన్న

*

కోనాపురం
20-7-1995

పోశన్నకు,

చేతొడుగులు ముట్టినాయి.

నీకు ఒక సంతోషమైన సంగతి. నీ దొరసాని నాకు జవాబు రాసింది. నిన్ననే వచ్చింది. ఇంగ్లీషులో ఉంటే వేణుగోపాలరావు సారు చదివి చెప్పాడు, నేను రాసుకున్నాను. ఇదిగో:

“చెల్లె గౌరవ్వకు. నువ్వు పంపిన చీర బాగున్నది. నీ మొగుణ్ణి నేను ఆపుతున్నానని రాశావు. అది తప్పు మాట. నా ఇంట్లో అతనికి పనే లేదు. నేను కిటికీలో నుంచి చూసినప్పుడల్లా ఇనుప పైపుల మీద ఎంతో ఎత్తున కనబడతాడు. దిగు నాయనా అంటే వినడు. నీకు చేసిన ఒట్టు గురించి కూడా నాకు తెలుసు. నువ్వే దింపుకో.”

ఇట్లా రాసింది. ఆమెకు ఏం జవాబు రాయాలో నాకు తోచడం లేదు. నువ్వే చెప్పు. నీ జవాబు వచ్చేదాకా నేను పొయ్యి మీద ఏం పెట్టినా మాడుతుంది.

గౌరవ్వ

*

మెసయీద్
8-8-1995

ప్రియమైన గౌరవ్వకు,

నీ ఉత్తరం చదువుతూ మూడుసార్లు లేచి నిలబడ్డాను. తర్వాత గది చుట్టూ తిరిగాను. తర్వాత రామాంజులు కాలర్ పట్టుకున్నాను.

“మా ఇంటికి ఉత్తరం నువ్వు రాసినవా?”

“నాకు ఏలిముద్ర తప్ప ఇంగేమీ రాదు గదప్పా! ఇడువు, అంగీ చిరుగుతాది. దారం యాడ తెచ్చేది?”

మరి ఎవరు రాశారు? ఇంజనీరు దొర రాసి ఉంటాడా అనుకున్నాను. ఆయనకు నా ఇంటి అడ్రసు తెలియదు. ఇంకెవరూ లేరు. ఎందుకంటే గౌరవ్వా, ఇక్కడ దొరసాని లేదు. ఇంజనీరుకు పెళ్లే కాలేదు.

నేను ఉండేది క్యాంపులో, ఒక గదిలో ఎనిమిది మందిమి. రామాంజులు పక్కింటి డ్రైవరు కాదు, నా మంచం మీది మంచం వాడు. పేస్టు గొట్టం కోసేది వాడే. మేజోడు సబ్బు వాడిదే, ఏసీ నీళ్లతో గోంగూర వాడిదే, రొట్టె ఉప్మా వాడిదే. కేతిలీకి తొడిగింది వాడి కోతిటోపీ. యాభై ఎనిమిదేళ్లు, మోకాళ్ల నొప్పులు, మీసం, అన్నీ ఉన్నవే రాశాను. టోపీ మీద ఎర్రటి బొమ్మ ఉన్న వేల్స్ ఇంజనీరు కూడా ఉన్నాడు, సైట్‌లో. ఆయనా వీడూ కలిసి నాకు ఒక దొరసాని అయ్యారు.

సైట్‌లో మొదటి వారమే అడిగారు, ఎత్తు మీద పని ఎవరు చేస్తారని. ఎవరూ చెయ్యి ఎత్తలేదు. ఎత్తు పనికి జీతం ఎక్కువ. స్లాబు గుర్తొచ్చింది, ఎత్తాను. నీకు ఉత్తరం రాద్దామని కూర్చుంటే ఒట్టు గుర్తొచ్చింది. అప్పుడే రామాంజులు గొట్టం కోస్తూ కనబడ్డాడు. నవ్విద్దామని రాశాను. నువ్వు నవ్వావు. తర్వాత ఆపడం చేతకాలేదు. లీవు ఇవ్వనన్నవాళ్లు ఎవరూ లేరు. ఇంకో ఏడాదికి సంతకం పెట్టింది నేనే.

మణికట్టు కాలలేదు. జూన్ మూడున కాలు జారింది. నడుముకు కట్టిన బెల్టు పట్టుకుంది. కింద వాళ్లు నిచ్చెన తెచ్చేదాకా గాలిలో వేలాడాను. చెయ్యి మెలిపడింది, అంతకు మించి ఏమీ కాలేదు. కానీ ఒకటి చెప్పాలి. ఆ వేలాడినంత సేపూ నాకు రాజనర్సు గుర్తు రాలేదు. నీకు ఏం అబద్ధం రాయాలా అని ఆలోచిస్తున్నాను. దానికే నాకు సిగ్గుగా ఉంది.

నీ చీర రామాంజులు మంచానికి పరదా అయింది. నీ ఉత్తరం దొరసానికి చదివినట్టే వాడికి చదివాను. ఊరికే నవ్వుతాడేమో అనుకున్నాను. “పదకొండేండ్లయింది, నాకు ఇంటికాడ్నించి ఎవురూ గుడ్డముక్క పంపల్యా. ఆయమ్మకు నిజం రాయి, పోశన్నా. ఇంత మంచి మనిసిని యాల మోసం జేస్తావు?” అన్నాడు. నేనే రాయలేకపోయాను.

చెయ్యి బాగైనంక ఇంజనీరు నన్ను పైకి పోనియ్యలేదు. పనిముట్ల స్టోరులో కూర్చోబెట్టాడు. పానాలు ఇచ్చి పానాలు తీసుకుంటాను. ఇది నిజం. ఇన్ని అబద్ధాల తర్వాత రాసిన నిజం నీకు ఎట్లా కనబడుతుందో నాకు తెలుసు. లీవు ఇస్తామన్నారు. రమ్మంటే వస్తాను. స్లాబు పోసే పాటి పైసలు జమ కాలేదు, ఒట్టి చేతులతో కాకున్నా సగం చేతులతో రావాలి. నువ్వు ఎట్లంటే అట్లా.

కానీ ఒక్కటి రాయి. ఆ ఉత్తరం ఎవరు రాశారు?

ఇట్లు,
నేల మీద నిలబడి ఉన్న నీ
పోశన్న

*

కోనాపురం
1-9-1995

ప్రియమైన పోశన్నకు,

నీ ఉత్తరం పొద్దున వచ్చింది. నాలుగుసార్లు చదివాను. బీడీల కాడికి పోలేదు. అత్తకు సగమే చదివాను, వేలాడిన సగం నా దగ్గరే పెట్టుకున్నాను.

తిరుమల్ ఆ చేతొడుగులు ఇచ్చిన నాడు వాటిని చేతిలో పట్టుకొని గడప మీదనే కూర్చున్నాను. మా అన్న పెట్టె మస్కట్ నుంచి వచ్చినప్పుడు అందులో అంగీల అడుగున ఇవే ఉన్నాయి. ఇదే పసుపు తోలు. అరచేతిలో పైపు అరిగిన గీతలు, వాటి మధ్య ఇనుప తుప్పు. తోటపని చేసే చేతొడుగులు వేళ్ల కొసల కాడ చిరుగుతాయి. ఇవి అరచేతిలో అరిగినాయి. మీద కాలు పెట్టే చోటు లేక, చేతులతో బరువంతా పట్టుకునేటోని చేతొడుగులివి. నువ్వు అన్నీ దాచావు, పాత వస్తువు పారేయలేని బుద్ధిని దాచుకోలేదు. అదే నిన్ను పట్టిచ్చింది.

ఉన్నదున్నట్టు అడుగుదామనుకున్నాను. నేను అడిగితే నువ్వు ఇంకో దొరసానిని పుట్టిస్తావు, ఈసారి ఏ దేశం నుంచి తెస్తావో. అందుకే నీ దొరసాని చేతనే అడిగించాను. ఆ ఉత్తరం పోస్టు చేసినంక నాకు కూడా కాలు నిలవలేదు. నువ్వు నవ్వుతూ మళ్లీ ఏదైనా కత రాస్తే ఏం చేయాలి? మూల మీద బస్సు కాడికి పోవడం, రావడం. మాలతి చూసి, “అవ్వా, నీ చెప్పులు అరుగుతయ్” అన్నది.

ఇప్పుడు నేను చెప్పేది విను. స్లాబు వద్దు. వాన పడితే రేకుల కింద ముగ్గురం కారని మూలకు జరుగుతున్నాం. ఆ మూలలో ఇంకో మనిషికి చోటున్నది, నేను కొలిచి చూసుకున్నాను. సగం చేతులైనా సరే, రెండూ ఉండాలి. దసరాకు రా. వచ్చినంక మళ్లీ పోయే ముచ్చట ఎత్తితే అత్త కొడవలి పదునుగానే ఉన్నది, గొట్టాలు చీరి చీరి.

రామాంజులు అన్నకు నా దండాలు చెప్పు. చీర ఆయననే ఉంచుకోమను. సకినాలు మళ్లీ చేసి పంపుతాను, ఈసారి పేరు పెట్టి, దొరసానికి కాదు. స్టోరులో కూర్చున్న సంగతి ఆయన చేత ఏలిముద్ర వేయించి పంపు, అప్పుడు నమ్ముతాను.

ఇక నువ్వు అడిగినదానికి జవాబు. ఏ ఉత్తరమూ రాలేదు. వేణుగోపాలరావు సారు ఏదీ చదవలేదు, ఆయనకు ఈ సంగతే తెలియదు. ‘చెల్లె గౌరవ్వకు’ నుంచి ‘నువ్వే దింపుకో’ దాకా ప్రతి మాట బీడీ ఆకులు కత్తిరించుకుంటూ నేను పుట్టించింది.

ఇట్లు,
నీ గ్వెన్ దొరసాని
గౌరవ్వ